పంటిగాట్లు, ఒంటిపూట బడులు: ఇంటి డేకేర్ నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అనంతపురంలో మా సొంతింటి కింది భాగంలోనే డేకేర్ నడుపుతున్నాను. ముందు గది, లోపలి గది, వంటిల్లు, వెనక వసారా, వేపచెట్టు ఉన్న చిన్న పెరడు, ఇంతే స్థలం. చూసుకునేది నేనూ, ఒక ఆయమ్మా. ఈ కేసు నాటికి పిల్లలు ఏడుగురు. పది నెలల పాప, రెండేళ్ల లోపు ఇద్దరు, మూడేళ్ల బాబు, ఎల్‌కేజీ ఆడపిల్ల, యూకేజీ ఆడపిల్ల, రెండో తరగతి అబ్బాయి. చివరి ముగ్గురూ బడి వదిలాక వచ్చేవాళ్లు. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇక్కడ రాసిన పేర్లు నేను పెట్టినవే.

ఇన్ని వయసుల వాళ్లు ఒకే ఇంట్లో ఎందుకని కొత్తగా వచ్చే తల్లిదండ్రులు అడుగుతుంటారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతపు సెలవు వస్తోంది. అది అయిపోయే నాటికి బిడ్డకు అయిదారు నెలలుంటాయి. అంగన్‌వాడీలో బడి చదువు మొదలయ్యేది మూడేళ్లకు, అదీ సాయంత్రం దాకా ఉండదు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని చట్టం అంటుంది కానీ, బట్టల షాపులో లెక్కలు రాసే అమ్మాయికి దానితో పని లేదు. పైగా ఒకే తల్లికి ఒక చంటిబిడ్డా, ఒక బడిపిల్లా ఉంటే ఇద్దర్నీ ఒకేచోట వదలాలని చూస్తుంది. మా లాంటి ఇళ్లు నిండేది ఇట్లాగే. పెద్ద డేకేర్లలో వయసును బట్టి గదులుంటాయి. మాకు ఉండవు.

సమస్య

చిన్నాకు అప్పుడు 19 నెలలు. తల్లిది షిఫ్టు డ్యూటీల ఉద్యోగం. వాడు మా దగ్గర చేరి అయిదు నెలలైంది. గట్టిగా నవ్వే పిల్లాడు, అన్నం బాగా తింటాడు, మాటలు మాత్రం కొంచెం తక్కువ. మార్చి నెల సగమయ్యాక ఒక మధ్యాహ్నం చిట్టి ముంజేతి మీద కొరికాడు. చిట్టికి 22 నెలలు. రెండు రోజులకు మళ్లీ చిట్టినే. ఆ తర్వాత యూకేజీ పిల్ల అమ్ములు భుజం మీద. ఒకసారి చిట్టికి చర్మం గీరుకుని రక్తం చుక్క కనబడింది.

ఆయమ్మ పసుపు తెచ్చింది. వద్దన్నాను. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో బాగా కడిగి, తడిగుడ్డతో చల్లగా అదిమి పట్టాను. చర్మం తెగింది కాబట్టి తల్లికి అప్పుడే ఫోన్ చేశాను, వాళ్లు సాయంత్రమే డాక్టరుకు చూపించారు. ఆయన టీకా కార్డు చూశాడు. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన డీపీటీ బూస్టరు అప్పటికే వేసి ఉంది. ధనుర్వాతం ఇంజెక్షన్ మళ్లీ అవసరం లేదన్నాడు.

గాయం అక్కడితో సరిపోయింది, మాటలు సరిపోలేదు. చిట్టి నాన్న గేటు దగ్గరే నిలబడి, "ఆ పిల్లోణ్ని పంపిచ్చేయండక్కా, లేకుంటే మా పాపను మానిపిస్తాం" అన్నాడు. ఎవరు కొరికారన్నది నేను చెప్పలేదు. చెప్పనని ముందే నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే ఇక్కడ ఒక కాలనీలో ఒక పిల్లాడికి "కొరికేవాడు" అని పేరు పడితే పెళ్లిళ్లలో కూడా ఆ తల్లిని అదే అడుగుతారు. కానీ మా ఇంట్లో అయిదేళ్ల పిల్లలు ఉన్నారు కదా! ఆటో దిగినప్పటి నుంచి సాయంత్రం గేటు దాటేదాకా వాళ్లు వార్తలు చదువుతూనే ఉంటారు. రెండో తరగతి అబ్బాయి ఎవరు, ఎక్కడ, ఎంత గట్టిగా కొరికిందీ చేత్తో చూపించి మరీ చెప్పేశాడు.

అందుకని నియమాన్ని కాస్త సవరించాను. పిల్లలు చెప్పినదాన్ని అబద్ధమనను, నా నోటితో పేరు పలకను. "ఎవరన్నది నేను చెప్పనబ్బా, నేనేం చేస్తావున్నానో అది మాత్రం ప్రతిరోజూ చెప్తా" అన్నాను. ఆయనకు అది నచ్చలేదు. ఉగాది దాకా గడువిచ్చాడు.

పంపించేయాలా, వద్దా

ముందు తేల్చుకోవాల్సింది ఇది. చిన్నాను మానిపిస్తే నాకు ఒక ఫీజు పోతుంది, ఉంచుకుంటే ఇంకో ఫీజు పోవచ్చు. డబ్బు వైపు నుంచి రెండూ ఒకటే కాబట్టి ఆ ఆలోచన పక్కన పెట్టడం తేలికైంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలు కొరకడం మామూలే. వాళ్లకు కోపం, ఆత్రం, అలసట అన్నీ ఉంటాయి, చెప్పుకునే మాటలే ఉండవు. ఆ వయసు వాళ్లు నా దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. చిన్నాను పంపితే వచ్చే నెల ఇంకొకడు కొరుకుతాడు. ఇంకో ప్రశ్న నన్ను ఎక్కువ తొలిచింది: అయిదు నెలలుగా కొరకని పిల్లాడు ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టాడు? దీనికి జవాబు తెలియకుండా పంపించేస్తే ఆ కారణం నా ఇంట్లోనే మిగిలిపోతుంది.

ఉగాదిని నేను కూడా గడువుగానే తీసుకున్నాను. అప్పటికీ తగ్గకపోతే చిన్నా తల్లితో కూర్చుని వేరే ఏర్పాటు మాట్లాడాలని.

మొదట చేసినవి

పళ్లొస్తున్నాయేమో అనుకున్నాం. కోరపళ్లు సాధారణంగా 16, 23 నెలల మధ్య వస్తాయి, వాడి వయసు సరిగ్గా అదే. శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో పెట్టి నమలడానికి ఇచ్చాం. ఇష్టంగా నమిలాడు, ఆ మధ్యాహ్నమే చిట్టిని కొరికాడు కూడా. పళ్ల సలుపే కారణమైతే పొద్దున్నుంచీ బొమ్మలనూ, దుప్పటి అంచునూ, ఏది దొరికితే దాన్ని కొరకాలి. వాడు వస్తువుల జోలికి పోవడం లేదు, మనుషులనే కొరుకుతున్నాడు. ఆ దారి వదిలేశాను.

తర్వాత తల్లి నైట్ డ్యూటీ మీద అనుమానం. రాత్రి తల్లి లేకపోతే పిల్లాడు బెంగ పడతాడు కదా. అప్పటికే రాసుకుంటున్న పుస్తకం తీసి తల్లి డ్యూటీ చార్టు పక్కన పెట్టి చూశాను. ఆమె పగటి డ్యూటీలో ఉన్న వారంలోనూ గాట్లు ఉన్నాయి. ఆ అనుమానం అక్కడితో ఆగింది. ఆ మాట ఆమెకు చెప్పినప్పుడు ఆమె ముఖం చూస్తే, అప్పటిదాకా ఇంట్లో ఎవరెవరు ఏమన్నారో అర్థమైంది.

చిన్నాను ఒక్కణ్నే లోపలి గదిలో కాసేపు కూర్చోబెట్టడం ఆయమ్మ సూచన. 19 నెలల వాడికి శిక్షకూ తప్పుకూ మధ్య ముడి కుదరదని నాకు తెలుసు, అయినా చిట్టికి రక్షణ కావాలి కాబట్టి ఒప్పుకున్నాను. లోపల వాడు ఏడ్చాడు, ఆ ఏడుపుకు పది నెలల పాప లేచింది, పాపను ఎత్తుకోవడానికి నేను వెళ్లాను, ముందు గదిలో పెద్దవాళ్లెవరూ లేకుండా పోయారు. రెండు రోజులు చూసి మానేశాం.

పెద్దపిల్లలకు "చిన్నోడు కదా, ఇచ్చేయండమ్మా" అని చెప్పడం ఇంకా పెద్ద చిక్కు తెచ్చింది. ప్రతి ఇంట్లోనూ చెప్పే మాటే ఇది. అమ్ములు తన పూసల డబ్బా ఇచ్చేసింది. కొరికితే డబ్బా వస్తుందని చిన్నాకు అర్థమైంది. తను ఎంత మంచిగా ఉంటే అంత పోగొట్టుకుంటానని అమ్ములుకు అర్థమైంది. పైగా ఆ పూసలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడే సైజు. ఆ మాట వాడడం మా ఇంట్లో ఆ రోజుతో ఆపేశాం.

చిన్నా అవ్వ దగ్గర ఒక మందు ఉంది: "నువ్వు కూడా ఒగసారి కొరుకు. నొప్పి తెలిస్తే మానుకుంటాడు." ఆవిడ పిల్లల్ని పెంచిన మనిషే, చులకనగా తీసేయలేదు. కానీ నేను కొరికితే వాడు నేర్చుకునేది పెద్దవాళ్లు కూడా కొరుకుతారని. ఆవిడతో అంతే చెప్పాను. "అట్లయితే నీ ఇష్టం" అంది.

పుస్తకంలో దొరికింది

మొదటి గాటు నుంచే ఒక పొడుగాటి నోటుబుక్కులో గీతలు కొట్టి రాస్తూ వచ్చాను. టైము, ఎక్కడ, దగ్గర ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది, ఆ క్షణంలో ఆయమ్మా నేనూ ఎక్కడున్నాం, తర్వాత ఏం చేశాం. "ఎవరిని" అన్నది చాలామంది రాస్తారు. నాకు పనికొచ్చినవి "ఎక్కడ", "మేమెక్కడ" అన్న గళ్లు.

గాట్లన్నీ 12.40కీ 1.20కీ మధ్యన. దాదాపు అన్నీ ముందు గదిలో, కూలర్ ఎదురుగా ఉన్న ఒకే చోట. అన్నిసార్లూ నేను వంటింట్లో కంచాలు పెడుతున్నాను, ఆయమ్మ గేటు దగ్గర స్కూల్ ఆటో నుంచి పిల్లల్ని దించుతోంది.

ఏటా మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున 7.45కు బడి, 12.30కు వదిలేస్తారు. అంతకుముందు సాయంత్రం నాలుగు దాటాక వచ్చే ముగ్గురు పెద్దపిల్లలు ఇప్పుడు ఒంటిగంట లోపే వస్తున్నారు, ఆకలితో, చెమటతో, బడి గోలంతా మోసుకుని. చలికాలంలో వాళ్లు రాగానే పెరట్లోకి, వేపచెట్టు కిందికి పరుగెత్తేవాళ్లు. మార్చిలో అనంతపురం మధ్యాహ్నం సంగతి తెలిసిందే, పెరట్లో కాలు పెట్టలేం. ఇంట్లో కూలర్ ఒక్కటే. అది నేల మీద నిలబెట్టే రకం, ఎదురుగా రెండు మూడు అడుగుల మేర మాత్రం గాలి చల్లగా తగులుతుంది. ఏడుగురికీ ఆ చోటే కావాలి. ఆ చోట బొమ్మలతో అప్పటిదాకా ఆడుకుంటున్నవాడు చిన్నా.

మిగిలిన ముక్క తల్లిని అడిగితే దొరికింది. పొద్దున ఎన్నింటికి లేస్తున్నాడని అడిగాను. "ఇప్పుడు అయిదున్నరకే లేస్తా ఉన్నాడక్కా. మా బావగారి పిల్లోళ్లకు ఒంటిపూట బడి కదా, ఇల్లంతా లేచేస్తాది" అంది. ఏడాది, రెండేళ్ల మధ్య పిల్లలకు రోజు మొత్తం మీద, పగటి నిద్ర కలుపుకుని, 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. అయిదున్నరకు లేచి, మా పాత టైము ప్రకారం ఒకటిన్నరకు పడుకుంటే ఎనిమిది గంటలు వరసగా మెలకువే. సరిగ్గా వాడు ఆకలితో, నిద్రతో తూలే టైముకు ముగ్గురు పెద్దవాళ్లు వచ్చి వాడి చోటు ఆక్రమిస్తున్నారు, అడ్డం పడేందుకు పెద్దవాళ్లెవరూ చేతికందే దూరంలో లేరు.

ఒంటిపూట బడి బడికి వెళ్లే పిల్లల సంగతేనని అనుకుంటాం. బడి ముఖం చూడని పిల్లాడి నిద్రను, చోటును, పెద్దల చూపును మూడింటినీ అది ఒకేసారి లాగేసుకుంది.

ఏం మార్చాం

మొదట టైములు. మూడేళ్ల లోపు వాళ్లకు అన్నం 12.30 నుంచి 11.15కు జరిపాను. పన్నెండుకల్లా లోపలి గదిలో పడక. కడప బండలు పరిచిన నేల, ఒకటే కిటికీ, దానికి తడిపిన దుప్పటి, పైన ఫ్యాన్. చల్లగానే ఉంటుంది. చిన్నా ఒక్కడే ఏడ్చిన గది ఇదే. ఈసారి అక్కడికి నలుగురు చిన్నవాళ్లూ కలిసి వెళ్లారు, నేను మధ్యలో పడుకున్నాను. మొదటి రెండు మూడు రోజులు పొర్లాడారు, తర్వాత ఆటో హారన్ వినబడే లోపే నిద్రలోకి జారుకునేవాళ్లు. ఆటో అతనికి చెప్పి ఆ హారన్ కూడా మానిపించాను.

దీనివల్ల వంట పదకొండుకే అయిపోవాలి. ఆయమ్మ గిన్నెలు తోమే పని రెండు గంటలకు జరిపాను. ఆమెకు ఇష్టం లేదు, తను మూడింటికి ఇంటికి పోవాలి. పొద్దున ఇల్లు తుడిచే పని నేను తీసుకున్నాక ఒప్పుకుంది.

తర్వాత పెద్దపిల్లల రాక. వాళ్లు ముందు గదిలోంచి కాకుండా పక్క సందులోంచి వెనక వసారాకు వస్తారు. కాళ్లూ చేతులూ కడుక్కోవడం, గ్లాసెడు మజ్జిగ, తర్వాత వంటింట్లో ఫ్యాన్ కింద అన్నం. వచ్చీరాగానే కడుపులో ఏదో ఒకటి పడితే సగం గొడవ తగ్గుతుంది. బడిసంచీ వసారాలోనే వేలాడదీయాలి, జేబులు ఖాళీ చేయాలి. ఇది నేను చాన్నాళ్ల నుంచి చేయాలనుకుంటున్న పని. మన జిల్లాలో పిల్లల జేబుల్లో శెనక్కాయలు, పల్లీ చిక్కీ ముక్కలు లేకుండా ఉండవు. నాలుగేళ్ల లోపు వాళ్లకు గింజ గింజగా పల్లీ ఇవ్వకూడదు, ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. కింద పడ్డ ఒక్క గింజ చాలు, పది నెలల పాప పాక్కుంటూ వెళ్లి ఏరుకుంటుంది.

అమ్ములు తల్లి అడ్డం చెప్పింది. "మా పాప ఎండన పడి వస్తే వంటింట్లో కూర్చోబెడతారా? కూలర్ చిన్నపిల్లలకేనా? ఫీజు మేమూ కడ్తావున్నాం కదా." న్యాయమైన ప్రశ్న. చిన్నవాళ్లు లోపలి గదిలో పడుకుంటే ముందు గది, కూలర్ పూర్తిగా పెద్దపిల్లలకే మిగులుతాయని, అన్నం తినే అరగంట మాత్రమే వంటింట్లో అని వివరించాను. ఒకరోజు సెలవు పెట్టి వచ్చి చూసి వెళ్లింది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

కూలర్ విషయంలో చేసింది చిన్న మార్పు, ఫలితం పెద్దది. మూసిన గదిలో కూలర్ పెడితే కాసేపటికి తేమ పెరిగి ఉక్కపోత మొదలవుతుంది. అది బయటి పొడిగాలిని లాక్కుని తడి మెత్తల మీదుగా లోపలికి వదలాలి, లోపలి గాలి ఇంకో దారిన బయటికి పోవాలి. కిటికీ అవతల ఇనుప స్టాండు వేయించి కూలర్‌ను దాని మీద పెట్టించాను, ఎదుటి తలుపు జానెడు తెరిచి ఉంచుతాం. గాలి పైనుంచి గదంతా పరుచుకుంటోంది, "కూలర్ ముందు చోటు" అనేదే లేకుండా పోయింది. పిల్లల చేతులు నీళ్ల ట్యాంకుకూ, రేకు పెట్టెకూ అందకపోవడం ఇంకో లాభం. కూలర్ బాడీకి కరెంటు రావడం మన వైపు ప్రతి వేసవిలో వినే మాటే.

పూసలు, చిన్న బ్లాకులు, కత్తెర ఉన్న పనులన్నీ ఎత్తు బల్ల మీదికి మార్చాం. అమ్ములుకు కుర్చీ, చిన్నాకు అందనంత ఎత్తు. చిన్నవాళ్లు పీటల మీద, పెద్దవాళ్లు బల్ల మీద. ఇప్పుడు అమ్ములు ఎవరికీ ఏదీ ఇచ్చేయాల్సిన పని లేదు.

చివరగా మాటలు. చిన్నా దగ్గర అప్పటికి ఉన్నవి గుప్పెడు పదాలు. వాడు ఎవరి వైపైనా నోరు తెరిచి వంగడం కనబడగానే మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, వాడి అరచేయి ముందుకు చాపించి "ఇయ్యి" అనిపించడం, చిట్టి చేత అరచేయి ఎత్తించి "వద్దు" అనిపించడం. కోపంగా అరవలేదు, నవ్వుతూనూ చెప్పలేదు. నవ్వుతూ చెప్తే ఆ వయసు వాళ్లకు అది ఆటైపోతుంది. కొరికినప్పుడు ముందు ఎత్తుకునేది కొరికించుకున్న పాపను. చిట్టి "వద్దు" చాలా తొందరగా నేర్చింది, ఆ తర్వాత అన్నానికి కూడా అదే అంది.

ఫలితం

ఉగాదికి ముందే గాట్లు ఆగాయి. చిట్టి నాన్న పుస్తకం చూపించమన్నాడు. పేర్లున్న గడి మీద కాగితం పెట్టి చూపించాను. టైము గడి చదివి, "అంతా ఒకటే యాలకు ఉందే" అన్నాడు. పాపను మానిపించలేదు.

ఏప్రిల్‌లో ఒకసారి మళ్లీ కొరికాడు. ఆ రోజు పదకొండు నుంచి కరెంటు లేదు, ఫ్యాను ఆగింది, ఎవరూ నిద్రపోలేదు, అందరం వసారాలో ఉన్నాం, ఆటో వచ్చింది. నేను పక్కనే ఉన్నా ఒక చేతిలో చంటిపాప ఉంది. అది చూశాక కరెంటు పోయిన రోజుకు విడిగా ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఆటో వచ్చే టైముకు చిన్నాను ఆయమ్మ ఎత్తుకుంటుంది, గేటు దగ్గరికి నేను వెళ్తాను. ఇంటి దగ్గర వాడు బావగారి పిల్లాణ్ని ఒకట్రెండు సార్లు కొరికాడని తల్లి చెప్పింది. మా టైములు రాసిచ్చాను, సెలవు రోజుల్లో కూడా పన్నెండుకే పడుకోబెట్టమని. ఉమ్మడి ఇంట్లో అది ఎంతవరకు కుదిరిందో ఆమే చెప్పాలి.

ఈ కేసు తర్వాత మా ఇంట్లో మారినవి

చేర్చుకునేటప్పుడు ఇదివరకు పిల్లల వయసు, తిండి, టీకాలు అడిగేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఇంకెవరెవరు బడికి పోతారు, వాళ్లు ఎన్నింటికి లేస్తారు అని కూడా అడుగుతున్నాను. ఫిబ్రవరి నెలాఖరుకే తల్లిదండ్రులందరికీ వేసవి టైముల చీటీ పంపుతాను. చిన్నవాళ్ల అన్నాన్ని మార్చి మొదటి వారం నుంచే రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు జరుపుతాం, ఒంటిపూట బడులు మొదలయ్యే నాటికి కొత్త టైము అలవాటై ఉంటుంది. స్కూల్ ఆటో వచ్చే టైముకు ఇద్దరిలో ఒకరు నేల మీద కూర్చునే ఉండాలి, పొయ్యి మీద ఏదున్నా సరే దించేసి.

బడిపిల్లలను ముగ్గురికి మించి తీసుకోవడం మానేశాను. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులొచ్చాక వాళ్లు పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటారు, ఈ టైముల లెక్క అప్పుడు పనికిరాదు. పోయిన వేసవిలో పెద్దవాళ్లను పొద్దున తొమ్మిది దాకా వేపచెట్టు కింద ఆడించి, ఆ తర్వాత ముందు గదిలోకి తెచ్చాం. తొమ్మిది నుంచి చిన్నవాళ్లు తినే దాకా ఉన్న రెండు గంటలు ఇంకా కుదురుకోలేదు. ఈ ఏడాది ఆ రెండు గంటలూ రెండు గదుల మధ్య తలుపుకు నడుం ఎత్తు చెక్క గేటు పెట్టించి చూడబోతున్నాను. వడ్రంగి కొలతలు తీసుకుపోయాడు.